2026 అవుట్‌బ్యాక్ కోసం ఆగాలా, ఫారెస్టర్ హైబ్రిడ్ తీసుకోవాలా? మంచు ఊరిలో ఆల్ వీల్ డ్రైవ్ కారు ఎంపిక గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. 2025 వేసవిలో డాలస్ నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్‌కు మారారు. ఉద్యోగం ఆస్వీగోలో, రోజూ ఒక వైపు 38 మైళ్ల ప్రయాణం. చేతిలో ఉన్నది పదకొండేళ్ల నాటి ఫ్రంట్ వీల్ డ్రైవ్ సెడాన్, అంటే ఇంజన్ బలం ముందు చక్రాలకే వెళ్లే కారు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు మార్చిలో గుంటూరు నుంచి ఆరు నెలల కోసం వస్తున్నారు. పూర్తిగా కొత్త రూపంతో వస్తున్న 2026 సుబారు అవుట్‌బ్యాక్ 2025 చివరికి షోరూములకు చేరుతుందని విన్నారు. దాని కోసం ఆగాలా, లేక ఫారెస్టర్ హైబ్రిడ్, హోండా సీఆర్‌-వీ హైబ్రిడ్, కొత్త టొయోటా ఆర్‌ఏవీ4లలో ఏదైనా ఎంచుకోవాలా అని అడిగారు. అన్నీ కలిపి 40 వేల డాలర్లు దాటకూడదని కూడా రాశారు.

నా సమాధానం: ఆగవద్దు. ఫారెస్టర్ హైబ్రిడ్ తీసుకోండి, దానితోపాటు అదే నెలలో నాలుగు వింటర్ టైర్లు వేరే రిమ్ములతో సహా కొనండి. అది మీకు నచ్చకపోతే రెండో స్థానంలో సీఆర్‌-వీ హైబ్రిడ్ ఆల్ వీల్ డ్రైవ్‌ను చూడండి. అవుట్‌బ్యాక్ మంచి కారే, దాని కోసం ఆగడం సబబైన కుటుంబాలూ ఉన్నాయి, వాటి గురించి కింద రాస్తాను. మీరు రాసిన వివరాలను బట్టి మీది ఆ కోవలోకి రాదు.

నేను మిషిగన్‌లో ఆల్ వీల్ డ్రైవ్ కప్లింగులు (వెనుక చక్రాలకు బలం అందించే క్లచ్ భాగాలు) తయారుచేసే ఒక విడిభాగాల సంస్థలో 17 ఏళ్లుగా కాలిబ్రేషన్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొన్ని వారాలు మిషిగన్ ఉత్తర భాగమైన అప్పర్ పెనిన్సులాలోని మంచు ట్రాకుల మీద పరీక్షలతో గడుస్తాయి. మీరు పేర్కొన్న నాలుగు కార్లలో దేని మీదా నేను పనిచేయలేదు కాబట్టి ఎవరి పక్షమూ వహించవలసిన అవసరం నాకు లేదు. సొంతానికి పాత తరం అవుట్‌బ్యాక్ నడుపుతున్నాను, దానితో సంతృప్తిగానే ఉన్నాను.

ముందుగా, ఆల్ వీల్ డ్రైవ్ మీకు నిజంగా ఏమి ఇస్తుందో ఒక చిన్న లెక్కతో చూపిస్తాను, ఎందుకంటే ఇది స్పష్టం కాకుండా నాలుగు కార్లను పోల్చడంలో అర్థం లేదు. కారు బరువు 100 అనుకోండి. పది శాతం ఏటవాలు ఉన్న ఎక్కుడు ఎక్కాలంటే సుమారు 10 వంతుల బలం కావాలి, రోడ్డు మీద పేరుకున్న మంచు చక్రాలను పట్టి లాగినందుకు మరో 3 కలపండి, మొత్తం 13. మామూలు ఆల్ సీజన్ టైరుకు గట్టిపడిన మంచు మీద దొరికే పట్టు బరువులో ఐదో వంతు, అంటే 0.2 దగ్గర ఉంటుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో ముందు చక్రాల మీద ఉండే బరువు దాదాపు 60, కాబట్టి దొరికే బలం 12. కావలసినది 13. కారు మధ్యలో ఆగిపోయి చక్రాలు గిర్రున తిరుగుతాయి. అదే టైర్లతో నాలుగు చక్రాలకూ బలం వెళితే 20 దొరుకుతుంది, ఎక్కుతుంది. ఇప్పుడు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకే మంచి వింటర్ టైర్లు వేస్తే పట్టు 0.3కు పెరిగి 18 దొరుకుతుంది, అదీ ఎక్కుతుంది. రెండూ ఉంటే 30. నిజజీవితంలో ఎక్కుడు మీద బరువు వెనక్కి జరగడం వల్ల ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు పరిస్థితి ఈ లెక్క కంటే కొంచెం హీనంగానే ఉంటుంది, కానీ స్థూలంగా చిత్రం ఇదే.

ఇది కదలడం సంగతి. ఆగడం సంగతి పూర్తిగా వేరు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి, అందువల్ల ఆల్ వీల్ డ్రైవ్ మిమ్మల్ని ఒక్క అడుగు కూడా ముందుగా ఆపదు. గంటకు 30 మైళ్ల వేగంలో పొడి రోడ్డు మీద బ్రేకు దూరం సుమారు 38 అడుగులు. పట్టు 0.2 ఉన్న మంచు మీద అది 150 అడుగులవుతుంది. వింటర్ టైర్లతో పట్టు 0.3 అయితే 100 అడుగులు. ఆ 50 అడుగుల తేడా మూడు కార్ల పొడవు. కూడలిలో ఎర్రదీపం దగ్గర ఆగి ఉన్న స్కూలు బస్సును మీరు గుద్దుతారా లేదా అన్నది ఆ మూడు కార్ల పొడవులో తేలుతుంది, మీ కారు వెనుక ఏ బ్యాడ్జీ ఉందన్న దానిలో కాదు. ఈ ఒక్క మాట మీ మనసులో నాటుకుంటే మిగతా సమాధానం చదవకపోయినా నాకు సంతోషమే.

డాలస్ నుంచి వచ్చారు కాబట్టి ఊరి గురించి కూడా ఒక మాట చెప్పాలి. సిరక్యూజ్‌లో ఏటా సగటున 120 అంగుళాలకు పైగా మంచు పడుతుంది, దేశంలోని పెద్ద నగరాల్లో అది చాలా ఎక్కువ. ఆస్వీగో అంటారియో సరస్సు ఒడ్డునే ఉంది. చల్లటి గాలి వెచ్చటి సరస్సు మీదుగా వస్తూ తేమను పీల్చుకుని ఒడ్డు దాటగానే మంచుగా కుమ్మరిస్తుంది. దాని ప్రత్యేకత ఏమిటంటే అది సన్నని పట్టీలుగా పడుతుంది. మీ ఇంటి దగ్గర ఎండ కాస్తుండగా 20 మైళ్ల అవతల ముందు కారు కనిపించని పరిస్థితి ఉండవచ్చు. ఆస్వీగోకు వెళ్లే 481 రోడ్డు మీద మీ ప్రయాణం సరిగ్గా అలాంటి పట్టీలోకి వెళ్లే ప్రయాణం. కాబట్టి మీకు ఆల్ వీల్ డ్రైవ్ విలాసం కాదు, కావలసిందే. అయితే పదకొండేళ్ల సెడాన్‌తో డిసెంబరు, జనవరి నెలలు గడుపుతూ కొత్త మోడల్ కోసం కాచుకోవడం కూడా మంచిది కాదు. నేను ఆగవద్దు అనడానికి మొదటి కారణం అదే.

ఇక కొత్త అవుట్‌బ్యాక్. 2025 ఏప్రిల్‌లో న్యూయార్క్ కార్ల ప్రదర్శనలో దాన్ని చూపించారు. 1990ల మధ్యలో లెగసీ వ్యాగన్‌ను కొంత ఎత్తు పెంచి మొదలుపెట్టిన కారు ఇది, ఇన్నేళ్లూ పొడవాటి, పల్లమైన వ్యాగన్ రూపాన్ని నిలుపుకుంది. ఏడో తరంలో ఆ రూపం పోయి నిటారుగా, పెట్టెలాగా, మిగతా ఎస్‌యూవీల వరుసలోకి వచ్చింది. లెగసీ సెడాన్‌ను 2025తో ఆపేశారు. చూపు సంగతి ఎవరి ఇష్టం వారిది, నాకు మాత్రం పాత వ్యాగనే ఇష్టం. కానీ ఇంజనీరుగా చూస్తే ముఖ్యమైన విషయం ఏమిటంటే, కొత్తది పైనున్న శరీరం, లోపలి తెరలు. కింద ఉన్న యంత్రాంగం చాలావరకు పాతదే. 180 హార్స్‌పవర్ ఇచ్చే 2.5 లీటర్ల ఇంజన్, 260 ఇచ్చే 2.4 లీటర్ల టర్బో, వాటికి సీవీటీ (మెట్లు లేకుండా మారే) గేర్‌బాక్స్, అదే పద్ధతి ఆల్ వీల్ డ్రైవ్, అదే 8.7 అంగుళాల గ్రౌండ్ క్లియరెన్స్ (నేల నుంచి కారు అడుగు వరకు ఎత్తు). వైల్డర్‌నెస్ రకానికి మాత్రం 9.5 అంగుళాలు. ఇది ఒక రకంగా మంచిదే, కొత్త కారు మొదటి సంవత్సరంలో వచ్చే బాధలు ఇంజన్, గేర్‌బాక్స్ వైపు నుంచి వచ్చే అవకాశం తగ్గుతుంది. మరో రకంగా, మీరు ఆగినందుకు మంచు మీద దొరికే అదనపు ప్రయోజనం దాదాపు ఏమీ లేదు.

కొత్తదానిలో నాకు నిజంగా నచ్చినది ఒకటి ఉంది. పాత అవుట్‌బ్యాక్‌లో ఏసీ, హీటరు చాలావరకు తెర మీద వేలితో నొక్కి మార్చుకోవలసి వచ్చేది. కొత్తదానిలో 12.1 అంగుళాల అడ్డ తెర పెట్టి, ఏసీ, హీటరుకు మళ్లీ చేతికి అందే అసలైన మీటలు ఇచ్చారు. చేతికి గ్లవ్స్ వేసుకుని, అద్దం మీద ఆవిరి కమ్ముతుండగా, చీకట్లో డీఫ్రాస్టు వేయవలసిన మనిషికి ఇది చిన్న విషయం కాదు. సామాను చోటు కూడా 32.6 నుంచి 34.6 ఘనపుటడుగులకు పెరిగింది. వెనుక సీటు మడిచినప్పుడు ఇంకా ఎక్కువ తేడా కనిపిస్తుంది.

ధర దగ్గరికి వచ్చేసరికి మీ లెక్క బిగుసుకుంటుంది. ఇదివరకు 29 వేల డాలర్ల దగ్గర మొదలయ్యే బేస్ రకాన్ని తీసేశారు. 2026 మోడల్‌లో మొదటి రకం ప్రీమియం, 34,995 డాలర్లు, రవాణా చార్జీ కలిపితే 36,445. మీ కౌంటీలో అమ్మకపు పన్ను 8 శాతం కాబట్టి 39,360 వరకు వస్తుంది. రిజిస్ట్రేషన్, డీలరు కాగితాల ఖర్చు కలిస్తే మీ 40 వేలు అక్కడే అయిపోతాయి, కొత్తగా వచ్చిన కారు కాబట్టి మొదటి నెలల్లో బేరానికి పెద్దగా చోటు ఉండదు. వింటర్ టైర్లకు, రిమ్ములకు వెయ్యి నుంచి పదిహేను వందల డాలర్లు ఎక్కడి నుంచి తెస్తారు? టైర్లు వచ్చే ఏడాది చూసుకుందాం అని వాయిదా వేస్తారు. నా సహోద్యోగుల్లోనే నలుగురైదుగురు అలా వాయిదా వేశారు, వారిలో ఇద్దరు మొదటి శీతాకాలంలోనే రోడ్డు పక్క గుంటలోకి జారారు. ఇద్దరివీ ఆల్ వీల్ డ్రైవ్ కార్లే.

దిగుమతి సుంకాల గురించి కూడా అడిగారు. పాత అవుట్‌బ్యాక్ ఇండియానాలోని లఫాయెట్‌లో తయారయ్యేది, కొత్తది జపాన్ నుంచి వస్తుంది, కొన్ని ఫారెస్టర్ల తయారీని 2025లో లఫాయెట్‌కు తెచ్చారు. జపాన్ కార్ల మీద 2025 ఏప్రిల్‌లో అదనంగా 25 శాతం వేసిన సుంకం, ఒప్పందం తరువాత అదే ఏడాది సెప్టెంబరు నుంచి మొత్తం 15 శాతానికి తగ్గింది. దాని ప్రభావం స్టిక్కరు ధరలో ఇప్పటికే కలిసి ఉంటుంది కాబట్టి మీరు విడిగా లెక్క వేయనక్కరలేదు. మీ ముందున్న కారు ఎక్కడ తయారైందో తెలుసుకోవాలంటే వీఐఎన్ (కారు గుర్తింపు సంఖ్య) మొదటి అక్షరం చూడండి, జపాన్‌ది అయితే జే, అమెరికాది అయితే 4 లేదా 5 వంటి అంకె ఉంటుంది.

ఇప్పుడు అసలు పోలిక. నాలుగు కార్ల మీదా ఆల్ వీల్ డ్రైవ్ అనే రాసి ఉంటుంది గానీ వెనుక చక్రాలకు బలం చేరే దారి ఒకటి కాదు.

సుబారులో ఇంజన్ నుంచి వెనక్కి ఎప్పుడూ తిరుగుతూ ఉండే షాఫ్టు ఉంటుంది, దాన్ని అనేక పలకలున్న ఒక క్లచ్ నియంత్రిస్తుంది. మామూలుగా సుమారు 60 వంతులు ముందుకు, 40 వెనక్కి వెళతాయి. ముఖ్యమైనది ఆ నిష్పత్తి కాదు, చక్రం జారకముందే వెనుక చక్రాలు పనిలో ఉండటం. మేము ట్రాకు మీద చేసే పరీక్షల్లో కష్టమైనది ఒకటుంది: ఎడమ చక్రాలు నున్నటి ఐసు మీద, కుడి చక్రాలు పొడి తారు మీద ఉండగా ఎక్కుడు మీద కదలాలి. ముందుగానే వెనక్కి బలం పంపే పద్ధతి అక్కడ తడబడకుండా కదులుతుంది. జారిన తరువాత మేల్కొనే పద్ధతి ఒక అర సెకను ఆలోచించి, ఒకసారి పక్కకు ఊగి, అప్పుడు కదులుతుంది. మీ ఇంటి ముందు డ్రైవ్‌వేలో సగం మంచు తీసి సగం వదిలేసిన ఉదయం సరిగ్గా ఈ పరిస్థితే ఉంటుంది. ఫారెస్టర్ హైబ్రిడ్‌లోనూ ఈ షాఫ్టును అలాగే ఉంచారు, మోటారును ముందు గేర్‌బాక్స్ వైపే పెట్టారు. నేను దాన్ని ముందు పెట్టడానికి ఇదే ప్రధాన కారణం.

సీఆర్‌-వీ హైబ్రిడ్‌లో కూడా వెనక్కి షాఫ్టు ఉంది, ఇప్పటి తరంలో అవసరమైతే సగం బలం వరకు వెనక్కి పంపగలదు. 204 హార్స్‌పవర్, ఆల్ వీల్ డ్రైవ్‌తో కలిపి గ్యాలనుకు 37 మైళ్లు. నాలుగింటిలో రోడ్డు మీద అన్నిటికంటే నిశ్శబ్దంగా, మెత్తగా నడిచేది ఇదేనని నా అభిప్రాయం. వెనుక సీటు విశాలంగా ఉంటుంది, పాప కారు సీటుకు, పక్కన అమ్మగారికి చక్కగా సరిపోతుంది.

ఆర్‌ఏవీ4 వేరే దారి పట్టింది. అందులో ముందు నుంచి వెనక్కి షాఫ్టు లేదు, వెనుక చక్రాలను విడిగా ఒక ఎలక్ట్రిక్ మోటారు తిప్పుతుంది. పోయిన తరంలో ఆ మోటారు 40 కిలోవాట్లు, అంటే 54 హార్స్‌పవర్. కొత్త తరంలో పెట్రోలు మాత్రమే వాడే రకమే లేదు, అన్నీ హైబ్రిడ్ లేదా ప్లగ్ఇన్ హైబ్రిడ్ (కరెంటు ప్లగ్‌తో కూడా చార్జి చేసుకునేది). ఆల్ వీల్ డ్రైవ్ హైబ్రిడ్ 236 హార్స్‌పవర్, ప్లగ్ఇన్ 324, పైగా ఒక చార్జింగు మీద 50 మైళ్ల వరకు. ఎలక్ట్రిక్ మోటారు క్లచ్ కంటే వేగంగా స్పందిస్తుంది, ఊరిలో కూడలి దగ్గర కదలడానికి చాలా బాగుంటుంది. కానీ అడుగు లోతు మంచులో పది నిమిషాల పాటు ఈడ్చుకుంటూ వెళ్లవలసి వస్తే చిన్న మోటారు వేడెక్కి తన బలాన్ని తానే తగ్గించుకుంటుంది. రోడ్లు శుభ్రం చేసే నగరంలో నివసించేవారికి ఆ పరిస్థితి రాదు. ఆస్వీగోలో మంచు పట్టీ కింద చిక్కుకున్నవారికి ఏడాదికి రెండు మూడుసార్లు రావచ్చు. పైగా ఇది కూడా కొత్త మోడలే, 2025 చివరి నుంచి వస్తుంది, అవుట్‌బ్యాక్ కోసం ఆగడంలో ఉన్న ఇబ్బందే దీనికీ ఉంది. మీకు గరాజు, అందులో 240 వోల్టుల ప్లగ్ ఉండి, ఏడాది ఆగగలిగితే ప్లగ్ఇన్ రకాన్ని గట్టిగా పరిశీలించమనేవాణ్ని.

పెట్రోలు ఖర్చు సంగతి కూడా చూడండి. మీ రాకపోకలే ఏడాదికి 17 వేల మైళ్లు దాటతాయి, 18 వేలు అనుకుందాం. కొత్త అవుట్‌బ్యాక్ 2.5 లీటర్ల ఇంజన్ సగటు గ్యాలనుకు 27 మైళ్లు, కాబట్టి ఏటా 667 గ్యాలన్లు. ఫారెస్టర్ హైబ్రిడ్ సగటు 35, కాబట్టి 514 గ్యాలన్లు. గ్యాలను 3.25 డాలర్లు అనుకుంటే ఏటా దాదాపు 500 డాలర్ల తేడా. ఫారెస్టర్ 2025 హైబ్రిడ్ ప్రీమియం మొదలైన ధర కూడా అవుట్‌బ్యాక్ లాగానే 34,995 డాలర్లు, కానీ అది ఇప్పటికే డీలర్ల లాట్లలో ఉన్న కారు, రెండు మూడు డీలర్ల దగ్గర ధర అడిగి బేరమాడే వీలుంది. అలా మిగిలేదే మీ టైర్ల డబ్బు. ఇంకా తగ్గించుకోవాలంటే సాధారణ పెట్రోలు ఫారెస్టర్ 30 వేల చుట్టుపక్కల మొదలవుతుంది, అది కూడా సగటున 29 మైళ్లు ఇస్తుంది. ఒక జాగ్రత్త: చాలా హైబ్రిడ్ కార్లలో డిక్కీ కింద బ్యాటరీ చేరడం వల్ల స్టెప్నీ ఉండదు, పంక్చరు కిట్టు మాత్రమే ఇస్తారు. సంతకం పెట్టే ముందు డిక్కీ నేల ఎత్తి మీ కళ్లతో చూడండి.

టైర్ల గురించి ఆల్ వీల్ డ్రైవ్ యజమానులు తప్పక తెలుసుకోవలసినది ఒకటుంది: నాలుగూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి. నాలుగేళ్ల క్రితం నా స్నేహితుడి కారు గుంతలో పడి ఒక టైరు చీలింది. ఒక టైరు దుకాణంలో ఆ ఒక్కటే కొత్తది వేసి పంపించారు. మిగతా మూడింటికీ గాడి లోతు అంగుళంలో 32వ వంతులు ఐదు ఉంటే, కొత్తదానికి పది ఉంది. అంటే కొత్త టైరు వ్యాసార్ధం నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ, అది ప్రతి చుట్టుకూ ఒక శాతానికి పైగా అదనపు దూరం నడుస్తుంది. కారు కంప్యూటరుకు ఆ చక్రం ఎప్పుడూ కొంచెం జారుతున్నట్టే కనిపిస్తుంది, క్లచ్ పలకలు పొడి రోడ్డు మీద కూడా రాసుకుంటూ వేడెక్కుతూ ఉంటాయి. ఎనిమిది నెలల తరువాత పార్కింగులో మలుపు తిప్పినప్పుడల్లా కారు వణకడం మొదలైంది. నా దగ్గరికి తెచ్చి చూపించేసరికి కప్లింగులోని నూనె నల్లబడి మాడు వాసన వస్తోంది. మరమ్మతుకు అయిన ఖర్చుతో నాలుగు టైర్లు రెండుసార్లు కొనవచ్చు. నాలుగు టైర్ల మధ్య లోతు తేడా 32వ వంతులు రెండు దాటనివ్వకండి. ఆరు వేల మైళ్లకోసారి టైర్ల స్థానాలు మార్పించండి. ఒక్క టైరే పోతే, కొత్త టైరును మిగతావాటి లోతుకు చెక్కి ఇచ్చేవారు ఉన్నారు, వారిని వెతకండి.

వింటర్ టైరు కొనేటప్పుడు పక్కన మూడు శిఖరాల పర్వతం, దాని మధ్య మంచు రేకు గుర్తు ఉందో లేదో చూడండి. మంచు, బురద అనే అర్థంలో ఎం+ఎస్ అని అక్షరాలు మాత్రమే ఉన్న టైరు సరిపోదు. 45 ఫారెన్‌హీట్ కంటే కింద ఆల్ సీజన్ రబ్బరు గట్టిపడటం మొదలవుతుంది, వింటర్ రబ్బరు మెత్తగానే ఉంటుంది, అందువల్ల మంచు లేని చల్లటి తడి రోడ్డు మీద కూడా దాని ప్రయోజనం ఉంటుంది. మేకుల టైర్లకు న్యూయార్క్‌లో అక్టోబరు 16 నుంచి ఏప్రిల్ 30 వరకు అనుమతి ఉంది గానీ మీ రోడ్లకు అవి అక్కరలేదు, చప్పుడు ఎక్కువ.

అమ్మగారి విషయం. ఇది మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాశారు, నేను మాత్రం దీన్ని ముందు వరుసలో పెడతాను. 2019లో మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు మా ఇంట్లో ఒక పల్లపు సెడాన్, ఒక పెద్ద మూడు వరుసల బండి ఉండేవి. సెడాన్‌లో కూర్చోవడం బావిలోకి దిగినట్టుందని, లేవలేకపోతున్నానని అనేది. పెద్ద బండి ఎక్కాలంటే చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పైపిడి పట్టుకుని, నొప్పి ఉన్న మోకాలి మీద బరువు మోపి లేవవలసి వచ్చేది. చివరికి గుడికి రావడం కూడా తగ్గించేసింది, కారణం అడిగితే చెప్పేది కాదు. తరువాత అవుట్‌బ్యాక్ కొనే ముందు నేను చేసిన పని ఏమిటంటే, ఆమె సుఖంగా కూర్చుని లేచే భోజనాల బల్ల కుర్చీ ఎత్తు టేపుతో కొలిచి, దానికి మూడు నాలుగు అంగుళాలు కలిపి, అంత ఎత్తులో సీటు ఉన్న కార్లనే చూశాను. ఎక్కనక్కరలేకుండా, దిగనక్కరలేకుండా, పక్కకు జరిగి కూర్చుంటే చాలు. మీరు కూడా ఫోనులో అమ్మగారిని అడిగి వారి కుర్చీ ఎత్తు తెలుసుకోండి. షోరూముకు టేపు తీసుకుని వెళ్లి, నేల నుంచి వెనుక సీటు అంచు వరకు కొలవండి. గడప వెడల్పు కూడా చూడండి, చలికాలంలో అక్కడ ఉప్పు, బురద పేరుకుంటాయి, వెడల్పాటి గడప దాటేటప్పుడు చీర అంచు మొత్తం తడుస్తుంది. ఫారెస్టర్ తలుపులు వెడల్పుగా, దాదాపు లంబకోణంలో తెరుచుకుంటాయి, పెద్దవారికి అది అనుకూలం. పైగా దాని పొడవు 15 అడుగుల పైచిలుకే, అవుట్‌బ్యాక్ దాదాపు 16 అడుగులు, అపార్ట్‌మెంటు గరాజులో ఆ తేడా తెలుస్తుంది.

అవుట్‌బ్యాక్ కోసం ఎవరు ఆగాలో కూడా చెప్పాలి, లేకపోతే సమాధానం న్యాయంగా ఉండదు. ట్రెయిలరు లాగేవారు ఆగవచ్చు, ఎందుకంటే టర్బో అవుట్‌బ్యాక్ 3,500 పౌండ్లు లాగుతుంది, ఫారెస్టర్ హైబ్రిడ్ 1,500 మాత్రమే. పిల్లల సైకిళ్లు, క్యాంపింగు సామాను, క్రికెట్ కిట్లు అన్నీ ఒకేసారి వేసుకుని నెలకు రెండుసార్లు ఆరేడు గంటల ప్రయాణం చేసేవారు ఆగవచ్చు, ముందు, వెనుక చక్రాల మధ్య ఎక్కువ దూరం ఉండటం హైవే మీద అలసటను నిజంగానే తగ్గిస్తుంది. ఇప్పుడున్న కారు బాగుండి, వింటర్ టైర్లు కూడా ఉండి, మరో శీతాకాలం ధైర్యంగా గడపగలవారు ఆగవచ్చు. అలాంటివారికి కూడా నా సలహా మొదటి మూడు నాలుగు నెలల కార్లను వదిలేయమనే. ఇంజన్ పాతదే అయినా తెరలు, కెమెరాలు, వాటి సాఫ్ట్‌వేర్ కొత్తవి, అలాంటివి ఏ కంపెనీలోనైనా జనం చేతుల్లోకి వెళ్లిన తరువాతే కుదుటపడతాయి. మరో దారి కూడా ఉంది: లాట్లలో మిగిలిన 2025 అవుట్‌బ్యాక్. వ్యాగన్ రూపం, అంతే గ్రౌండ్ క్లియరెన్స్, తక్కువ ధర, తెలిసిన యంత్రాంగం. దాని సీటు ఎత్తు మా అమ్మకు అన్నిటికంటే బాగా కుదిరింది. హైబ్రిడ్ అక్కరలేదు అనుకుంటే మీరు దాన్ని తప్పక చూడండి.

సుబారు అన్న జపాన్ మాటకు అర్థం మన కృత్తికా నక్షత్రాలే, బ్యాడ్జీ మీద ఆరు చుక్కలు ఉండటానికి కారణం అది. ఈ సంగతి చెప్పాక మా అమ్మ ఆ కారుకు శ్రద్ధగా పూజ చేయించింది.

టెస్ట్ డ్రైవ్ ఎలా చేయాలని అడిగారు. పొడి రోడ్డు మీద పది నిమిషాలు తిప్పితే ఏ కారైనా బాగానే ఉంటుంది. వాన పడుతున్న రోజు వెళ్లండి. ఖాళీ పార్కింగులో స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపండి, వణుకు, టకటక చప్పుడు ఉండకూడదు. హైవే మీద 65 మైళ్ల వేగంలో వెనుక సీటులో మీరు కూర్చుని మీ ఆవిడను నడపమనండి, అమ్మగారు, పాప కూర్చునేది అక్కడే కాబట్టి చప్పుడు ఎంతో మీకు తెలియాలి. పాప కారు సీటు తీసుకువెళ్లి బిగించి చూడండి. గ్లవ్స్ వేసుకుని మీటలన్నీ వాడండి. డ్రైవరుకు సాయం చేసే వ్యవస్థల్లో సుబారు కెమెరాలు ముందు అద్దం లోపల ఉంటాయి, వైపరు తుడిచే చోటు కాబట్టి మంచులో కొంత నయం. ముందు గ్రిల్ వైపు రాడార్ ఉన్న కార్లలో బురద మంచు గడ్డకట్టి ఆ వ్యవస్థ ఆగిపోయినట్టు హెచ్చరిక వస్తుంది. దిగి తుడుచుకోవాలి. దేనిలోనైనా తుపాను వేళ వాటి మీద ఆధారపడకండి.

కారు ఏది తీసుకున్నా కింది భాగానికి నూనె పూత వేయించండి. మీ రోడ్ల మీద చల్లే ఉప్పు టెక్సాస్ నుంచి వచ్చినవారు ఊహించలేని వేగంతో ఇనుమును తింటుంది. ఏటా అక్టోబరులో ఒకసారి పూత, చలికాలంలో పదిహేను రోజులకోసారి కింది భాగం కడిగించడం, ఈ రెండూ చేస్తే చాలు. వెనుక డిఫరెన్షియల్ (వెనుక చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె) నూనె ఎన్ని మైళ్లకు మార్చాలన్న దానికి మాన్యువల్‌లో ఉన్న కఠిన వాడకం లెక్కను అనుసరించండి, మీ వాడకం ఆ కోవలోకే వస్తుంది.

క్రమం ఇలా పెట్టుకోండి. ఈ వారంలో వింటర్ టైర్లు, రిమ్ముల ధర కనుక్కోండి, మొదటి మంచు పడ్డాక దుకాణాల్లో కొలతలు అయిపోతాయి. అక్టోబరులోగా ఫారెస్టర్ హైబ్రిడ్, సీఆర్‌-వీ హైబ్రిడ్ రెండూ ఒకే రోజున నడిపి చూడండి. ఉదయం 45 ఫారెన్‌హీట్ కంటే దిగువకు వరుసగా వారం పాటు వస్తే టైర్లు మార్చేయండి, మంచు కోసం కాచుకోవద్దు. మొదటి మంచు పడిన ఆదివారం ఖాళీగా ఉన్న ఏ దుకాణం పార్కింగుకైనా వెళ్లి, 15, 20 మైళ్ల వేగంలో కావాలనే గట్టిగా బ్రేకు తొక్కి ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు వ్యవస్థ) కాలి కింద ఎలా కొట్టుకుంటుందో, కారు ఎంత దూరం వెళ్లి ఆగుతుందో ఒక అరగంట చూసుకోండి. అమ్మగారి కుర్చీ ఎత్తు, మీరు కొలిచిన సీట్ల ఎత్తులు ఇక్కడ రాస్తే ఆ రెండు కార్లలో ఏది వారికి కుదురుతుందో చెప్పగలను.